మైలో చెప్పని వాన

హెరాల్డ్ టీగ్ గారు తొమ్మిదో ఛానల్‌ని అమ్మేసిన రోజు మా అందరి ముందూ ఏడ్చారు. నేనే వెళ్ళి రుమాలు ఇచ్చాను. ఆ రుమాలు పోతే పోయింది గానీ, ఇచ్చినందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూ ఉంటాను.

"ఏమీ మారదు," అన్నారాయన ముక్కు తుడుచుకుంటూ. "కొన్నవాళ్ళు పెద్దవాళ్ళు. మీ ఉద్యోగాలు మీవే. కార్వర్ బెండ్ వార్తలు కార్వర్ బెండ్ నుంచే వస్తాయి. నా మాట నమ్మండి."

నమ్మాం. మా ఊరు కార్వర్ బెండ్ బయట ఛానల్ టవరు వేయించింది ఆయన నాన్నగారు. పైగా ఆయన పక్కనే వర్న్ హాలిస్ నిలబడి తలూపుతున్నాడు. వర్న్ మా ఛానల్లో వాతావరణం చెప్పేవాడు. అంతకన్నా ముందు మా ఆయన మైలోకి ప్రాణస్నేహితుడు. మా పెళ్ళిలో మైలో పక్కన నిలబడి, ఉంగరం ఎక్కడ పెట్టాడో మర్చిపోయి జేబులన్నీ తడుముకున్నది అతనే. వర్న్ తలూపాక ఇంక అనుమానం దేనికి?

"నువ్వు వాన ఫోను దగ్గరే ఉంటావు లవాన్," అన్నాడు నాతో, కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ. "నువ్వు లేకపోతే నేను చదివేదేముంది?"

వాన ఫోను సంగతి చెప్పాలి. నెబ్రాస్కాలో మా వైపు వాన అంటే మాటలు కాదు. ప్రతి రైతు పెరట్లోనూ కంచె గుంజకి ఒక గాజు గొట్టం ఉంటుంది, వాన కొలిచేది. తెల్లవారగానే వెళ్ళి చూసి, మా ఛానల్‌కి ఫోన్ చేస్తారు. నేను ఎత్తేదాన్ని. "లవాన్, పావంగుళం." పెట్టేస్తారు. "లవాన్, చుక్క లేదు." పెట్టేస్తారు. అవన్నీ రాసి వర్న్ చేతికిస్తే అతను పేరు పేరునా చదివేవాడు. ఎవరికి పడిందో, ఎవరికి తప్పిపోయిందో ఊరంతా కాఫీ తాగుతూ వినేది. మైలోకి ఏ కాస్త ఎక్కువ పడ్డా, "మైలో, కాస్త మాకూ మిగల్చరా," అనేవాడు వర్న్. ఎన్నేళ్ళు విన్నా మైలో ఆ మాటకి నవ్వేవాడు.

అసలా ఫోను పుట్టిందే వాళ్ళిద్దరి వల్ల. వర్న్ ఉద్యోగంలో చేరిన కొత్తలో రాడార్ చూసి, మైలో వాళ్ళ వైపు కుంభవృష్టి కురిసిందని చెప్పేశాడు. ఒక్క చుక్క పడితే ఒట్టు. ఎండాకాలం మా దగ్గర మబ్బుల్లోంచి వాన బయల్దేరుతుంది, నేల దాకా రాదు, దారిలోనే గాలికి ఎండిపోతుంది. కిందనుంచి చూస్తే మబ్బుకి బూడిదరంగు తెర వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని మేం వేలాడే వాన అంటాం. రాడార్‌కి అదీ వానే. మైలో బురద బూట్లతో కాదు, దుమ్ము బూట్లతో స్టూడియోలోకి వచ్చి వర్న్‌ని పెరట్లోకి లాక్కెళ్ళి ఆకాశం చూపించాడు. "ఆ డబ్బాని అడగకురా, మమ్మల్ని అడుగు," అన్నాడు. ఆ వారమే వర్న్ నా బల్ల మీద ఆ ఫోను పెట్టించాడు.

దానికో కట్టుబాటు కూడా ఉండేది. తప్పు వాన చెప్పినవాడు మర్నాడు తనే ఫోన్ చేసి, తన గొంతుతో, ఊరంతా వింటుండగా వెనక్కి తీసుకోవాలి. "నిన్న నేను చెప్పిన వాన వెనక్కి తీసుకుంటున్నాను." అంతే. ఒకసారి మా పక్క పొలం లీలండ్ ప్రోకప్ తన మొక్కజొన్నకి నీళ్ళు చిమ్మే మర, వాన గొట్టం మీద కూడా చిమ్మిందని గమనించుకోలేదు. అంగుళం పడిందని చెప్పేశాడు. మర్నాడు తప్పు తెలుసుకుని ఫోన్ చేశాడు. గొంతు వణికింది గానీ వెనక్కి తీసుకున్నాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కెఫేలో అతను కుర్చీ లాక్కోగానే ఎవరో ఒకరు, "గొడుగు తెచ్చావా లీలండ్?" అనేవాళ్ళు. అయినా అతని మాటంటే అందరికీ గురి కుదిరింది ఆ రోజునుంచే.

ఇక కంపెనీ సంగతి. ఒక ఊళ్ళో రెండు పెద్ద ఛానళ్ళు ఒకే చేతిలో ఉండకూడదని ముందు ఒక రూలుండేది. మాకు ఆరో ఛానల్, తొమ్మిదో ఛానల్. వాళ్ళకీ మాకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కోర్టు ముందు మెట్ల మీద వాళ్ళు మైకు పెడితే వెనక గుమ్మం దగ్గర మేం పెట్టేవాళ్ళం. వాషింగ్టన్‌లో కూర్చున్నవాళ్ళెవరో ఆ రూలు ఎత్తేశారు. ఎత్తేసిన రోజు ఆ వార్త మేమే చదివాం, గుమ్మడికాయల పోటీ వార్తకి ముందు. అది మా గురించేనని ఒక్కరికీ తట్టలేదు. అప్పటికే ఆరో ఛానల్‌ని కొన్న కంపెనీ ఇప్పుడు మమ్మల్నీ కొంది.

ఆకులు రాలకముందే మమ్మల్నందరినీ ఒక గదిలో కూర్చోబెట్టారు. బల్ల మీద స్పీకర్ ఫోను. అందులోంచి ఒకావిడ, మేం ఎన్నడూ చూడనిది, చాలా తియ్యగా మాట్లాడింది. రెండు ఛానళ్ళకీ రెండు వార్తల విభాగాలు అనవసరమట. వాతావరణం అన్ని ఊళ్ళకీ కలిపి డాలస్‌లోని వాళ్ళ స్టూడియో నుంచే చెప్తారట. మా సేవలకి కృతజ్ఞతలట. పక్క గదిలో పెట్టెలు మడతపెట్టి ఉన్నాయి, సామాను సర్దుకోడానికి. వేరే ఛానల్లో చేరదామంటే ఏడాది దాకా చేరకూడదని కాగితంలో ఉంది. ఉన్న రెండో ఛానల్ కూడా వాళ్ళదే అయినప్పుడు ఆ షరతు దేనికో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

వర్న్ ఆ గదిలో లేడు. అతన్ని డాలస్‌కి తీసుకుంటున్నారని తర్వాత తెలిసింది. ముందే తెలుసా అని అడిగితే నీళ్ళు నమిలాడు. "నేను వెళ్తేనే మన ఊరు కాస్తయినా మిగుల్తుంది లవాన్. నేనైతే పేర్లు సరిగ్గా పలుకుతాను," అన్నాడు. మైలో అతని ఫ్రిజ్ కూడా ట్రక్కులోకి ఎక్కించి పంపాడు.

నేను గోధుమల గోదాములో లెక్కలు చూసే పనికి కుదిరాను. మారనిదేమీ లేదని మెల్లగా తెలిసొచ్చింది. కెఫే నడిపే మోనా అయితే రోజూ తిట్టేది.

"ఇదివరకు ప్రకటన ఇవ్వాలంటే ఆరో ఛానల్ వాడు ఇంత అన్నాడని మీవాణ్ణి అడిగేదాన్ని, మీవాడు తగ్గించేవాడు. మీవాడు ఇంత అన్నాడని ఆరో వాణ్ణి బెదిరించేదాన్ని. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే కుర్రాడు వస్తున్నాడు. ఎడమ జేబులోంచి ఒక కాగితం, కుడి జేబులోంచి ఒక కాగితం. రెండిట్లో రేటు ఒకటే. బేరం ఆడితే నవ్వుతాడు."

"మానెయ్," అన్నాన్నేను.

"మానేశాను. కేబుల్ బిల్లు మానడం ఎలా? మీ ఛానల్ చూపించాలంటే కంపెనీ కేబుల్ వాళ్ళ దగ్గర ఎక్కువ గుంజుతోందట, వాళ్ళు నా దగ్గర గుంజుతున్నారు. చూసేదేమో రెండిట్లోనూ అవే వార్తలు. స్కూలు బోర్డు మీటింగ్‌లో ఏం జరిగిందని అడిగితే చెప్పే నాథుడు లేడు. ఫ్లోరిడాలో మొసలి ఎవరి స్విమ్మింగ్ పూల్లో దూరిందో మాత్రం నాకు బాగా తెలుసు."

ఇదంతా కడుపు మండే సంగతే. కానీ దీనికి ఎవరూ చచ్చిపోరు, అలవాటు పడతారు. మాకు అసలు దెబ్బ వాన దగ్గర తగిలింది.

మరుసటి ఏడాది జూలై మొత్తం ఎండిపోయింది. మొక్కజొన్న ఆకులు ఉల్లికాడల్లా చుట్టుకుపోయాయి. ఒక పొద్దున వంటింట్లో మైలో కాఫీ తాగుతున్నాడు, టీవీలో వర్న్. కొత్త సూటు, కొత్త పళ్ళు. ఉన్నట్టుండి, "ఇక కార్వర్ బెండ్ వాన కబుర్లు," అన్నాడు. మేమిద్దరం తలెత్తాం. ఆ కబుర్లు ఆగిపోయి అప్పటికి చాన్నాళ్ళయింది.

"మైలో వవ్రా, అంగుళంబావు," అని చదివాడు వర్న్. "మైలో, కాస్త మాకూ మిగల్చరా."

మైలో కప్పు కింద పెట్టి కిటికీలోంచి చూశాడు. పెరట్లో కోళ్ళు దుమ్ములో దొర్లుతున్నాయి.

"నేను ఫోన్ చెయ్యలేదే," అన్నాడు.

"చేసినా ఎత్తేదెవరు? నేనిక్కడ గుడ్లు వేపుతున్నానుగా."

అతను నవ్వాడు. ఏదో పొరపాటు అనుకున్నాడు. పాత నంబరుకి ఫోన్ చేస్తే, మీ పిలుపు మాకెంతో ముఖ్యం అని ఒక మర చెప్పింది. చుక్క పడలేదని మైలో ఆ మరకి మర్యాదగా చెప్పి పెట్టేశాడు. రెండ్రోజుల తర్వాత మళ్ళీ మైలోకి ముప్పాతిక అంగుళం. ఆ మర్నాడు అర. వర్న్‌కి స్వయంగా ఫోన్ చేస్తే ఎత్తలేదు. నేను మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ ఒకటి పంపాడు.

ఊళ్ళో ముందు హాస్యంగానే మొదలైంది. "మైలో, బాతులు పెంచుతున్నావట?" అన్నారు. "నీ పొలంలో పడవ అద్దెకిస్తావా?" అన్నారు. లీలండ్ మాత్రం నవ్వలేదు. అతని పొలానికీ మాకూ మధ్య ఒక్క కంచె. అతని మొక్కజొన్న నిలువునా మాడిపోయింది. పంట బీమా మనిషి చూడ్డానికి వచ్చి మోటెల్‌లో దిగాడు. పొద్దున టిఫిన్ తింటూ టీవీ చూశాడు. లీలండ్ పొలంలోకి వచ్చి, కంచెకి అవతల అంగుళం పైనే పడిందట, ఇక్కడ ఇంతగా ఎలా ఎండింది, నువ్వు సరిగ్గా చూసుకోలేదేమో, మళ్ళీ విచారించాలి అని కాగితాలు బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు లీలండ్ కెఫేలో మా బల్ల దగ్గరికి వచ్చాడు. కూర్చోలేదు.

"నీకూ వర్న్‌కీ ఉన్న స్నేహం నాకు తెలుసు మైలో. ఊరికే నీ పేరు చదివించుకోవాలని సరదా పడితే పడ్డావు. ఇప్పుడది నా మెడకి చుట్టుకుంది. వెనక్కి తీసుకో."

"నేను చెప్పలేదు లీలండ్. ఒట్టు. నాకు ఒక్క చుక్క పడలేదు."

"మరి ఎవరు చెప్పారు? నీ పేరు డాలస్‌లో వాడికి కలలోకి వచ్చిందా?"

"ఏమో, నాకూ తెలీదు."

"నేను తప్పు చెప్పినప్పుడు ఊరంతా వింటుండగా వెనక్కి తీసుకున్నాను. నాకు చావొచ్చినంత పనైంది. అయినా తీసుకున్నాను. నీకేమైంది?"

 లీలండ్ వెళ్ళి అటు చివర బల్ల దగ్గర మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. మిగతావాళ్ళు కప్పుల్లోకి చూసుకున్నారు. ఆ రోజునుంచి కెఫేలో మమ్మల్ని ఎవరూ వేళాకోళం ఆడలేదు. మా ఊళ్ళో మనిషిని వెలివేయడమంటే అదే. కంచె గుంజ దగ్గర మైలో ఖాళీ గొట్టం చేత్తో పట్టుకుని అలా నిలబడిపోవడం చూస్తే నాకు డాలస్ దాకా నడిచివెళ్ళి ఎవరి చెంపైనా పగలగొట్టాలనిపించేది.

నడవక్కర్లేకుండా వర్నే వచ్చాడు. ఆగస్టులో కౌంటీ సంత. పశువుల పోటీలు, పిండి వంటలు, రంగులరాట్నం. ఈసారి కంపెనీ పెద్ద డేరా వేసింది. "మీ ఊరి మనిషి, మీ ఊరి వాన" అని రాసి ఉంది. డేరా ముందు వర్న్ నిలువెత్తు అట్టబొమ్మ, లోపల వర్న్. గురువారమే దిగాడట. పిల్లలు వరసకట్టి అతనితో ఫొటోలు తీయించుకుంటున్నారు. శుక్రవారం మధ్యాహ్నం మేమూ ఆ వరసలోనే నిలబడ్డాం, పిల్లల వెనకాల, మైలో టోపీ చేత్తో పట్టుకుని.

మమ్మల్ని చూడగానే వర్న్ లేచి వచ్చి మైలోని కావలించుకున్నాడు. "ఒరేయ్ ముసలోడా," అన్నాడు. కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి. మేం ఎంత కోపంగా వెళ్ళామో ఆ కాసేపు మర్చిపోయాం.

డేరా వెనక్కి, ఐసు పెట్టెల దగ్గరికి తీసుకెళ్ళాడు. మైలో అంతా చెప్పాడు. అతనికి మాటలు తక్కువ. లీలండ్ సంగతి వచ్చేసరికి అవీ ఆగిపోయాయి. మిగిలింది నేను పూర్తిచేశాను.

వర్న్ తల దించుకున్నాడు. "పేర్లు పాతవి లవాన్, నువ్వు రాసినవే. జనానికి పేర్లు వినడం ఇష్టమని వాళ్ళెవరో సర్వే చేసి కనుక్కున్నారు. ఫోను ఎత్తడానికి మనుషుల్ని పెట్టరు. అంకెలు కంప్యూటర్ వేస్తుంది, రాడార్ చూసి."

"వేలాడే వాన రాడార్‌కి తెలీదని నీకు నేర్పిందెవర్రా?" అన్నాడు మైలో. గట్టిగా అనలేదు.

"తెలుసురా. నాకు పన్నెండు ఊళ్ళు ఇచ్చారు. ఒక్కో ఊరికి ఒక్కో టై మార్చుకుని చదువుతాను. మధ్యలో నీళ్ళు తాగడానికి టైముండదు. ఇది మీ ఊరు అని తెర మీద వస్తే గానీ ఏ ఊరికి చదువుతున్నానో నాకే తెలీదు."

"ఆ గోల నాకెందుకు చెప్తావు? నాకు ఒక్క మాట కావాలి. ఆ వాన మైలోది కాదు, వెనక్కి తీసుకుంటున్నాను అని నీ నోటితో చెప్పు. అంతే. నిన్నింకేమీ అడగను," అన్నాడు మైలో.

వర్న్ కాసేపు రంగులరాట్నం వైపు చూశాడు. తర్వాత మైలో చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"రేపు పొద్దున చెప్తాను. కార్వర్ బెండ్ వాన చదివేటప్పుడు మొట్టమొదట అదే చెప్తాను. నా మాట నమ్మరా."

మైలో ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. నెల రోజుల తర్వాత ఆ మనిషి భుజాలు కిందికి దిగాయి. నేను ఆ పొద్దుటి కార్యక్రమం చేసినదాన్ని. డాలస్‌లో చదవాల్సిన మనిషి ఇక్కడ ఐసు పెట్టెల దగ్గరున్నాడే, రేపు ఎక్కడనుంచి చదువుతాడు అన్న సంగతి నాకు తట్టాలి. తట్టలేదు. మా పెళ్ళిలో ఉంగరం వెతుక్కున్న చేతులవి. వాటిలో మైలో చెయ్యి ఉంది. ఇంకేం ఆలోచిస్తాను?

మైలో తిన్నగా పందుల పోటీ దగ్గరికెళ్ళి లీలండ్‌ని వెతికి పట్టుకున్నాడు. "రేపు పొద్దున కెఫేకి రా. వర్న్ తన నోటితో చెప్తానన్నాడు." లీలండ్ పంది వైపే చూస్తూ, "వింటాను," అన్నాడు.

శనివారం పొద్దున కెఫే నిండిపోయింది. సంత రోజులు కదా, పైగా విషయం అందరికీ తెలిసిపోయింది. మైలో ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, చర్చికి వెళ్తున్నట్టు. లీలండ్ తన మామూలు బల్ల దగ్గర, ఈసారి మావైపు తిరిగి కూర్చున్నాడు. మోనా ఆప్రికాట్ పెట్టి కాల్చిన కొలాచీ బన్నుల పళ్ళెం మా బల్ల మీద పెట్టి టీవీ సౌండ్ పెంచింది. కిటికీ బయట ఆకాశం తెల్లగా కాలిపోతోంది. రోడ్డుకి అవతల మోటెల్ ముందు, కంపెనీ బొమ్మ వేసిన కారు ఆగి ఉంది.

తెర మీదికి వర్న్ వచ్చాడు. డాలస్ స్టూడియో, నీలం టై, వెనకాల పటం.

"కారు అక్కడుంది, మనిషి డాలస్‌లో ఉన్నాడేంటి?" అన్నారెవరో. ఇంకెవరో ఉష్ అన్నారు. నాకు అప్పుడు అర్థమైంది. చెయ్యి చాచి మైలో చెయ్యి పట్టుకున్నాను. అతను నావైపు చూడలేదు. తెర వైపే చూస్తున్నాడు, స్కూల్లో ఫలితాలు చదివేటప్పుడు పిల్లలు చూసినట్టు.

"ఇక కార్వర్ బెండ్ వాన కబుర్లు," అన్నాడు తెర మీద వర్న్. "మైలో వవ్రా, అంగుళం. మైలో, కాస్త మాకూ మిగల్చరా." అని నవ్వాడు.

 మైలో కుర్చీ వెనక్కి జరిపి లేచాడు. టోపీ తీసేశాడు. అతని మెడ ఎర్రబడింది.

"నేను చెప్పని వాన," అని ఆగాడు.  "అది నాది కాదు. అయినా వెనక్కి తీసుకుంటున్నాను."

 అతను నిలబడే ఉన్నాడు, ఇంకా ఏమైనా చెప్పాలేమో అన్నట్టు. మా ఆయన అబద్ధం చెప్పడు. ఎవడో చెప్పిన అబద్ధానికి మా ఆయన టోపీ తీసి నిలబడ్డాడు. వర్న్ మీద ఇక జన్మలో నాకు మనసు కలవదని ఆ నిమిషానే తెలిసింది.

"ఆ వెధవ మొహం మార్చు మోనా," అన్నాడు లీలండ్. "ఆరు పెట్టు."

మోనా ఆరో ఛానల్ పెట్టింది. అక్కడా వర్నే. టై మాత్రం ఎర్రది. "లీలండ్ ప్రోకప్, అంగుళమున్నర," అన్నాడు వర్న్. "లీలండ్, కాస్త మాకూ మిగల్చరా."

లీలండ్ చేతిలో కప్పు బల్ల మీద పెట్టాడు. అతని పొలంలో అగ్గిపుల్ల గీస్తే అంటుకుపోయేలా ఉంది. తర్వాత మెల్లగా లేచి, ఏళ్ళ కిందట ఫోన్లో వణికిన గొంతుతోనే, "నాదీ వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు. మైలో పక్కన వచ్చి నిలబడ్డాడు. క్షమించమని అనలేదు, మేమూ అడగలేదు.

సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. వర్న్ లోపలికి వచ్చాడు, అసలు వర్న్, నలిగిన చొక్కాతో, ఇంకా నిద్ర మొహంతో.

"మోనా, నీ కొలాచీలు తిని ఎన్నాళ్ళయిందో తెలుసా," అంటూ వచ్చి, ఆగిపోయాడు. గుమ్మంలో తను, గోడ మీద తను. గోడ మీద తను ఇంకో పేరుకి ఇంకో వాన చదువుతున్నాడు.

మోనా సౌండ్ తీసేసింది. బొమ్మ ఆడుతూనే ఉంది.

"మైలో," అన్నాడు వర్న్. "చెప్దామనే అనుకున్నానురా. కుదర్లేదు. అది బుధవారమే రికార్డయిపోయింది. వారాంతానివన్నీ బుధవారమే..."

మాట మధ్యలో ఆగిపోయింది, తనన్నది తనకే వినిపించినట్టుంది.

"బుధవారం," అన్నాడు లీలండ్. "అంటే ఇవాళ నా పొలంలో పడ్డ వాన నువ్వు బుధవారమే కొలిచేశావన్నమాట."

"అంచనాలు లీలండ్. కంప్యూటర్ అంచనాలు వేస్తుంది."

"నువ్వు నా చెయ్యి పట్టుకున్నది నిన్న," అన్నాడు మైలో.

 వర్న్ బూట్ల నిండా సంత దుమ్ము. నేను ఆ బూట్లనే చూస్తున్నాను. నాకేవేవో అనాలని ఉంది, నెలల తరబడి కూడబెట్టుకున్నవి.  మైలో ముందు అవన్నీ చిన్నవైపోయాయి.

"పోనీలే," అన్నాడు మైలో. "నువ్వు ఇప్పుడే బయట్నుంచి వచ్చావుగా. వాన పడుతోందా?"

వర్న్ నవ్వబోయాడు. ఎవరూ నవ్వలేదు. గోడ మీది వర్న్ వైపు ఒకసారి చూశాడు, కిటికీలోంచి తన కారు వైపు ఒకసారి చూశాడు.

"నా చేతిలో ఏమీ లేదురా మైలో. నేను ఏమన్నా అంటే ఎవరో ఒకరు ఫోన్లో వీడియో పట్టేస్తారు. మా కాంట్రాక్టులో..."

"నీ చేతి సంగతి అడగలేదురా. వాన పడుతోందా, లేదా?"

మేమందరం ఎదురుచూశాం.  చివరికి వర్న్, "నాకు టైమవుతోంది, డేరా దగ్గర ఎదురుచూస్తుంటారు," అని వెనక్కి తిరిగాడు. తలుపు మూసుకున్నాక రోడ్డు మీద దుమ్ములో అతని అడుగులు కనిపించాయి, మోటెల్ దాకా.

మైలో కూర్చున్నాడు. లీలండ్ తన కప్పు తెచ్చుకుని మా బల్ల దగ్గరే కూర్చున్నాడు. మోనా టీవీ ఆపేసి అందరికీ కాఫీ పోసింది.

నాకు వర్న్ అబద్ధం చెప్పినందుకు కాదు ఎక్కువ బాధ. అబద్ధం డాలస్‌లో కంప్యూటర్ చెప్పింది, చదివినందుకు అతనికి జీతమిస్తారు. ఆ పొద్దున అక్కడ కెమెరా లేదు, కంపెనీ లేదు. ఉన్నది మా ఊరివాళ్ళమే, ఒక కిటికీ, దాని బయట ఎండ. లేదు అని ఒక్క మాట అంటే చాలు. మా మైలో కోసం అది కూడా అతని నోట రాలేదు.